మే నాలుగు నుంచి ఒకే అంకె

పార్సిప్పనీ, న్యూజెర్సీ
ఏప్రిల్ 11, 2010

పెదనాన్న గారికి జయంతి నమస్కారాలు.

నిన్న ఫోన్‌లో "జెట్‌లాగ్ తగ్గిందా" అని మూడుసార్లు అడిగాను. మీరు మూడుసార్లూ "బీరకాయ పప్పు" అన్నారు. ముప్పై రెండేళ్లు ట్రాన్స్‌ఫార్మర్ల హోరు పక్కన పనిచేసిన చెవుల్ని ఇంకా కష్టపెట్టడం ఎందుకు? మీరు హెర్న్‌డన్‌లో అనురాధక్క దగ్గర ఉండే ఆరు నెలలూ ఉత్తరాలే రాసుకుందాం. నాకూ అదే సుఖం. ఫోన్‌లో నా గొంతు నాకే వినపడదు.

నా ఉద్యోగం ఏమిటని అడిగారు. మీ ఉద్యోగమే, కాకపోతే కుర్చీలో కూర్చుని. ఇక్కడి ఒక కరెంటు కంపెనీలో కాంట్రాక్టు మీద పనిచేస్తున్నాను. ట్రాన్స్‌ఫార్మర్ లోపల ఎక్కడైనా వేడెక్కినా, నిప్పురవ్వ లేచినా నూనెలో గ్యాసులు పుడతాయని మీకు నేను చెప్పక్కర్లేదు. ప్రతి పెద్ద ట్రాన్స్‌ఫార్మర్‌కీ ఒక పెట్టె బిగించారు. ట్రాన్స్‌ఫార్మర్‌ని ఆపకుండానే అది నాలుగు గంటలకోసారి ఆ గ్యాసుల్ని కొలిచి మా కంప్యూటర్‌కి పంపుతుంది. కొలత బాగుంటే ఆకుపచ్చ, అనుమానంగా ఉంటే పసుపు, ప్రమాదమైతే ఎరుపు. నేను నెలకోసారి ఆ రంగుల మీద రిపోర్టు రాస్తాను. ఇంతవరకూ ఎరుపు చూడలేదు. ట్రాన్స్‌ఫార్మర్‌ని కూడా దగ్గర్నుంచి చూడలేదు.

నా వీసా సెప్టెంబరు ముప్పైతో అయిపోతుంది. పొడిగించాలంటే, ఈ కంపెనీకి నా అవసరం ఉందని ఇక్కడి మేనేజర్ ఉత్తరం ఇవ్వాలట. ఈ ఏడు కొత్తగా పెట్టిన రూలు. మా మేనేజర్ కృష్ణమోహన్ గారు మన కాకినాడ వారే. "ఇచ్చేద్దాంలే అమ్మా" అన్నారు. కాబట్టి దిగులు లేదు.

పెద్దమ్మకి నమస్కారాలు.

జయంతి


హెర్న్‌డన్, వర్జీనియా
ఏప్రిల్ 20

చిరంజీవి జయంతికి పెదనాన్న ఆశీస్సులు.

ఇక్కడ నాకు చేతినిండా పని. పొద్దున్నే అందరూ వెళ్లిపోతారు. మీ పెద్దమ్మ టీవీ ముందు కూర్చుంటుంది. నేను వీధి కొలుస్తాను. ఈ వీధిలో నాలుగైదు ఇళ్లకొకటి చొప్పున పచ్చిక మీద ఆకుపచ్చ ఇనప పెట్టెలున్నాయి. అవి ట్రాన్స్‌ఫార్మర్లని ఇక్కడ ఎవరికీ తెలిసినట్టు లేదు. ఒకదానికి చెయ్యి ఆనించి చూశాను. గోరువెచ్చగా, ఆరోగ్యంగా ఉంది. ఎదురింటావిడ పోలీసులకి ఫోన్ చేసింది.

వచ్చినవాడు మర్యాదస్తుడు. "ఏం చేస్తున్నారు సార్?" అన్నాడు. "చెకింగ్ టెంపరేచర్" అన్నాను. నా టెంపరేచరే చూడాలనుకున్నాడేమో, ఒక నీళ్ల సీసా చేతిలో పెట్టి ఇంటికి దింపాడు. "నాన్నా, ఇది అమెరికా. ఎవరి లాన్ వాళ్లది" అని అనురాధ రెండు రోజులు మొహం ముడుచుకుంది. మరి ట్రాన్స్‌ఫార్మర్ ఎవరిదే అన్నాను.

నీ పెట్టెల అంకెలు ఒకసారి నాకు పంపు. రంగులు వద్దు. రంగులు పిల్లలకి. అంకెలు పంపు.

మల్లికార్జునరావు


పార్సిప్పనీ
మే 30

పెదనాన్న గారికి,

మే నెల కాగితాలు మూడు పంపుతున్నాను. మూడు సబ్‌స్టేషన్లు, మూడు ట్రాన్స్‌ఫార్మర్లు. కంపెనీవాళ్లకి తెలిస్తే ఏమంటారో తెలియదు కాబట్టి ఊళ్ల పేర్లు కొట్టేసి ఒకటి, రెండు, మూడు అని రాశాను. మూడోది పెద్దది. పదకొండు వేల ఇళ్లు, ఒక వృద్ధాశ్రమం దాని మీదే నడుస్తాయి. మూడూ ఆకుపచ్చే.

జూన్ రిపోర్టు మీటింగ్ అయ్యాక నా ఉత్తరం మీద సంతకం చేస్తానని కృష్ణమోహన్ గారు అన్నారు. ఇక్కడ అందరూ నన్ను "సో క్వయట్" అంటారు. అది మెచ్చుకోలో, జాలో ఇంకా తేల్చుకోలేదు.

జయంతి


హెర్న్‌డన్
జూన్ 7

చి. జయంతికి,

కళ్లజోడు పెట్టుకుని ఒకసారి, తీసేసి ఒకసారి చూశాను. మొదటి రెండూ బాగున్నాయి. మూడో కాగితం ఎవరో కూర్చుని రాశారు.

మే నాలుగు దాకా అంకెలు కదులుతున్నాయి. హైడ్రోజన్ ముప్పై ఆరు, ముప్పై తొమ్మిది, ముప్పై ఏడు. అసిటిలీన్ ఒకటిన్నర, రెండు. నాలుగో తేదీ మధ్యాహ్నం నుంచి హైడ్రోజన్ ముప్పై ఎనిమిది, అసిటిలీన్ రెండు. నెలాఖరు దాకా అంతే. ఎండ కాసినా, వాన కురిసినా, లోడు పెరిగినా, తగ్గినా అంతే. నిజమైన కొలత రోజూ కాస్త తడబడుతుందమ్మా. తడబడకుండా నిలబడిందంటే అది కొలత కాదు, నకలు. అందులోనూ కాస్త తెలివైనవాడైతే చివరి అంకె అటూ ఇటూ మారుస్తాడు. మీ పెట్టెకి అదీ చేతకాలేదు.

నువ్వు కాన్వెంటు హాస్టల్లో ఉన్నప్పుడు ఆదివారం ఉత్తరాలు సిస్టర్లు చదివి పోస్టు చేసేవాళ్లు, గుర్తుందా? వరుసగా ఆరు ఉత్తరాల్లో "ఇక్కడ భోజనం రుచిగా ఉంది" అని ఒకే వాక్యం రాశావు. ఏడో వారం నేను బస్సెక్కి వచ్చేశాను. మనిషన్నాక ఒక్క ఆదివారమైనా ఉప్పు ఎక్కువైందని రాయదూ?

వెళ్లి చూడు.

మల్లికార్జునరావు


పార్సిప్పనీ
జూన్ 16

పెదనాన్న గారికి,

మీరు చెప్పింది నిజం. మే నాలుగున ఆ పెట్టె ఆగిపోయింది. ఆగిపోయానని చెప్పింది కూడా. మా ప్రోగ్రామే వినిపించుకోలేదు. పెట్టె నుంచి ఏమీ రాకపోతే, ఆఖరుసారి వచ్చిన అంకెనే మళ్లీ మళ్లీ రాసుకునేట్టు అందులో నాలుగు వరుసలున్నాయి. రాసినవారి పేరు పక్కనే ఉంది. కృష్ణమోహన్.

ఆయన గదికి వెళ్లి చెప్పాను. గుమ్మం దగ్గర ఎంతసేపు నిలబడ్డానో రాయను.

"ఓ, అదా" అన్నారు. "గ్రాఫ్‌లో గ్యాప్ వస్తే మీటింగ్‌లో క్వశ్చన్స్ వస్తాయి జయంతీ. లాస్ట్ వాల్యూ పెడితే లైన్ స్మూత్‌గా వెళ్తుంది. ఇట్ ఈజ్ నాట్ లయింగ్. ఇట్ ఈజ్ ఫార్మాటింగ్."

"లోపల ఏమైనా అవుతుంటే?"

"దానికి ముప్పై ఏళ్లుగా ఏమీ కాలేదు. అక్టోబర్‌లో కొత్త మానిటర్ వస్తోంది. నేను ఆల్రెడీ అన్నీ హెల్దీ అని సైన్ చేసి పైకి పంపించాను. ఇప్పుడు కాదంటే నా మాటకి వాల్యూ ఏముంటుంది?" ఆ తర్వాత టేబుల్ మీది కాగితం ఒకటి సర్దారు. నా వీసా ఉత్తరం. "దీన్ని కూడా ఈ నెలలో కంప్లీట్ చేసేద్దాం" అన్నారు. చాలా మృదువుగా అన్నారు. మా సిస్టర్లు కూడా అంతే మృదువుగా అనేవారు.

ఆ నూనె నమూనా చేత్తో తీయిస్తే సంగతి తేలిపోతుంది. దానికో ఫారం ఉంది. అది నింపితే ఆయన సంతకం అబద్ధమవుతుంది, నా ఉత్తరం మీద సంతకం పడదు, అక్టోబరుకి నేను ఇక్కడ ఉండను. ఏం చేయమంటారు? మన ఇంట్లో ఎవరికి ఏ సందేహం వచ్చినా మిమ్మల్నే కదా అడుగుతారు. మీ హాల్లో ఫ్రేము కట్టించి పెట్టిన మీ ఆఫీసు ప్రశంసాపత్రం చదివే నాకు పెద్ద పెద్ద తెలుగు మాటలు వచ్చాయి.

అన్నట్టు, నకలుని అంత తేలిగ్గా ఎలా పట్టారు?

జయంతి


హెర్న్‌డన్
జూన్ 23

చి. జయంతికి,

సంతకం అయ్యేదాకా నోరు మెదపకు. అక్టోబరు ఎంతో దూరం లేదు. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లు అంత తొందరగా పోవు. పెద్దవాణ్ణి, చెబుతున్నాను, విను.

ఎలా పట్టానని అడిగావు. అనుభవం.

ఇక్కడ ఎండలు బాగా ఉన్నాయి.

మల్లికార్జునరావు


పార్సిప్పనీ
జూలై 5

పెదనాన్న గారికి,

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. దస్తూరీ మీదే. వినలేదు, క్షమించండి.

వారం రోజులు విందామనే అనుకున్నాను. రోజూ ఆఫీసుకి వెళ్లి మూడో ట్రాన్స్‌ఫార్మర్ ఎదుట ఆకుపచ్చ చుక్క చూసి, టీ తాగి, ఇంటికి వచ్చేదాన్ని. శుక్రవారం నాడు ఈ వారం ఎండ వంద ఫారన్‌హీట్ దాటుతుందని టీవీలో అన్నారు. అంటే ఊరంతా ఏసీలు, అంటే దాని మీద లోడు. ఫారం తెరిచాను. నమూనా ఎందుకు అని అడిగే గడి దగ్గర చాలా ఆలోచించి ఇలా రాశాను: "మే నాలుగు నుంచి ఈ ట్రాన్స్‌ఫార్మర్ కొలతలు కొలతలు కావు. మేమే రాసుకుంటున్నాం." పంపేశాను. ఒక గుమాస్తా చదువుతాడనుకున్నాను.

ఆ ఫారం నూట నలభై మందికి వెళుతుందట. వైస్ ప్రెసిడెంట్‌తో సహా. క్యాంటీన్లో నేను ఎప్పుడూ పలకరించని ఒకాయన వచ్చి "దట్ వజ్ యూ?" అని అడిగాడు. నేను ట్రే తీసుకుని మెట్ల మీద కూర్చుని తిన్నాను.

సాయంత్రం సబ్‌స్టేషన్ ఫోర్‌మన్ వాల్టర్ ఫోన్ చేశాడు. గొంతు మీలాగే ఉంది. "మిస్, ఆ మానిటర్ లైటు ఆరిపోయి రెండు నెలలైంది. నేను మూడుసార్లు చెప్పాను. మీ గ్రాఫ్‌లో బాగానే ఉందన్నారు" అన్నాడు. గాజు సిరంజితో నూనె తీసి లేబొరేటరీకి పంపాడు. రేపో ఎల్లుండో తెలుస్తుంది.

కృష్ణమోహన్ గారు నాతో మాట్లాడటం లేదు. నా వీసా ఉత్తరం ఇప్పుడు ఆయన టేబుల్ మీద లేదు. ఎక్కడుందో అడగలేదు.

జయంతి


హెర్న్‌డన్
జూలై 12

జయంతీ,

అనుభవం అని రాసి తప్పించుకున్నాను. ఆ అనుభవం ఏమిటో ఇప్పుడు చెబుతాను. మీ పెద్దమ్మకి కూడా ఇంతవరకూ చెప్పలేదు.

1986 మే. నేను అప్పుడు అసిస్టెంట్ ఇంజనీరుని. ఆపరేటరు గంటగంటకీ యార్డులోకి వెళ్లి ట్రాన్స్‌ఫార్మర్ వేడి చూసి లాగ్‌బుక్కులో రాయాలి. ఆ ఎండల్లో కంకర మీద చెప్పులు కూడా కాలేవి. పొద్దున్న ఎనిమిదింటికి ఒక్కసారి చూసి సాయంత్రం దాకా అన్ని గళ్లూ నింపేసేవాళ్లు. తప్పు కదా అని నేను అనలేదు. "మరీ ఒకటే అంకె వేయకండ్రా, చివరిది అటూ ఇటూ మార్చండి" అని నేర్పాను. నేర్పింది నేనే.

ఒకరోజు చల్లబరిచే ఫ్యాన్లు ఆగిపోయాయి. పుస్తకంలో మాత్రం వేడి అరవై రెండు, అరవై మూడు, అరవై రెండు. మధ్యాహ్నం మూడింటికి ట్రాన్స్‌ఫార్మర్ పేలింది. అదృష్టం, యార్డులో ఎవరూ లేరు. ఎందుకు లేరో ఇప్పుడు నీకు తెలుసు.

విచారణకి వచ్చారు. ఆపరేటరు సింహాచలం. ఇరవై ఆరేళ్లవాడు, పెళ్లై ఏడాది. "లాగ్‌బుక్కులో అంకెల్ని నేను నమ్మాను" అని నేను రాసిచ్చాను. వాడు నా మొహం చూశాడు. వాడి ఉద్యోగం పోయింది. రెండు రోజుల్లో కరెంటు మళ్లీ ఇచ్చినందుకు నాకు ప్రశంసాపత్రం వచ్చింది. నువ్వు తెలుగు నేర్చుకున్నది దాన్ని చదివే.

నోరు మెదపకు అని నీకు రాసిన రోజు, నాకు బాగా అలవాటైన సలహానే ఇచ్చాను. నువ్వు వినకపోవడమే మంచిదైంది. నేను మంచివాణ్ణని మాత్రం ఇకమీదట ఎవరికీ చెప్పకు.

మల్లికార్జునరావు


పార్సిప్పనీ
జూలై 24

పెదనాన్న గారికి,

లేబొరేటరీ కాగితం వచ్చింది. అసిటిలీన్ రెండు కాదు, అరవై ఒకటి. అదే రోజు ట్రాన్స్‌ఫార్మర్‌ని ఆపేసి, పెద్ద ట్రక్కు మీద తాత్కాలికంగా ఇంకొకటి తెచ్చి నిలబెట్టారు. వృద్ధాశ్రమంలో ఒక్క దీపం కూడా ఆరలేదు. నూనె దించి చూస్తే లోపల ఒక తీగ బోల్టు వదులై ఉంది. చుట్టూ ఉన్న కాగితం బొగ్గైపోయింది. ఇంకో పదిహేను రోజులు ఉండేది కాదని వాల్టర్ అన్నాడు.

పోయిన బుధవారం సభ పెట్టారు. నిరంతర పర్యవేక్షణ వల్ల పెద్ద ప్రమాదం తప్పిందని వైస్ ప్రెసిడెంట్ మాట్లాడారు. పర్యవేక్షణ విభాగం తరఫున కృష్ణమోహన్ గారికి అద్దం లాంటి ఫలకం ఒకటి ఇచ్చారు. పెట్టె అమ్మినవాళ్లు తమ కరపత్రంలో మా ట్రాన్స్‌ఫార్మర్ ఫొటో వేసుకుంటారట. చనిపోయిన పెట్టె కూడా ఫొటోలో ఉంది. కొత్త రంగు వేశారు.

ఇక్కడ ఎండలు ఇంకా తగ్గలేదు.

జయంతి


హెర్న్‌డన్
ఆగస్టు 9

జయంతికి,

నా జూలై ఉత్తరం అందిందా? రెండు పేజీలు ఉండాలి. మొదటిది ఒక్కటే అందిందేమోనని అడుగుతున్నాను.

నీ వీసా ఉత్తరం సంగతి రాయలేదు.

మేము సెప్టెంబరు పద్నాలుగున బయలుదేరుతున్నాం.

పెదనాన్న


పార్సిప్పనీ
సెప్టెంబరు 6

పెదనాన్న గారికి,

రెండు పేజీలూ అందాయి. జవాబు మూడుసార్లు మొదలుపెట్టాను. మొదటిది మా సిస్టర్లు రాసినట్టుంది. రెండోదాంట్లో మిమ్మల్ని క్షమించేశాను. మీరు అడగకుండానే, సింహాచలం గారిని అడగకుండానే. మూడోది పూర్తి కాలేదు. ఇంతలో నా సంగతే ఒకటి వచ్చిపడింది.

వీసా ఉత్తరం మీద కృష్ణమోహన్ గారు సంతకం చేయలేదు. కాదనీ అనలేదు. "లీగల్‌లో ఉంది" అంటూ వచ్చారు. ఆగస్టు మూడో వారంలో వైస్ ప్రెసిడెంట్ నన్ను పిలిచారు. ఇకమీదట నేను నలభై ఒక్క సబ్‌స్టేషన్లకీ స్వయంగా వెళ్లి, ఫోర్‌మన్లతో మాట్లాడి, పెట్టెలు నిజం చెబుతున్నాయో లేదో చూడాలట. "నువ్వు సూటిగా మాట్లాడే మనిషివి" అన్నారు. నేను ఆవిడతో అప్పటిదాకా ఒక్క ముక్క మాట్లాడలేదు. నా వీసా ఉత్తరం తానే ఇచ్చారు. నేను చేయబోయే పని ఉన్నదున్నట్టు అందులో రాశారు.

దాన్ని మా కాంట్రాక్టు కంపెనీలో వీసాల పని చూసే రాధారాణి గారికి పంపాను. గంటలో ఫోన్ వచ్చింది.

"ఏంటమ్మా ఇది? సబ్‌స్టేషన్లకి వెళ్తుంది, మీటర్లు చూస్తుంది... ఇలా పంపితే ఎలక్ట్రీషియన్ అనుకుని రిజెక్ట్ చేస్తారు. నువ్వు ఎనలిస్ట్‌వి."

"కానీ నేను చేసేది అదే కదండీ."

"నువ్వు ఏం చేస్తావన్నది కాదు తల్లీ, లాస్ట్ టైమ్ ఏది అప్రూవ్ అయ్యిందన్నదే పాయింట్. రెండువేల ఏడులో పెట్టిన డ్యూటీసే వర్డ్ ఫర్ వర్డ్ మళ్లీ పెట్టేస్తున్నాను. లైన్ స్మూత్‌గా వెళ్లిపోతుంది. మారిస్తేనే క్వశ్చన్స్ వస్తాయి."

"హలో, ఉన్నావా?" అన్నారు ఆవిడ. ఉన్నానన్నాను.

కొత్త కాగితం మీద వైస్ ప్రెసిడెంట్ చదవకుండానే సంతకం చేశారు. మంచి మనిషి, తొందరలో ఉన్నారు. నా పని వివరాలన్నీ నిజమని కింద నేను కూడా సంతకం పెట్టాలి. అందులో నేను 2007లో ఎలా ఉన్నానో అలాగే ఉన్నాను. కుర్చీలో కూర్చుని రిపోర్టులు రాస్తున్నాను. ఎక్కడికీ వెళ్లను. ఎవరితోనూ మాట్లాడను. ఆ అమ్మాయి నిజానికి నాకు చాలా నచ్చింది.

వద్దని చెప్పొచ్చు. నిజం రాసిన కాగితమే పంపమని పట్టుబట్టొచ్చు. నూట నలభై మందికి ఫారం పంపినదాన్ని. మొన్న శుక్రవారం ఐదు దాకా గడువు ఇచ్చారు. నాలుగున్నరకి సంతకం పెట్టాను. తర్వాత ఎప్పటిలాగే టీ తాగి ఇంటికి వచ్చాను. అదే నాకు వింతగా ఉంది.

కాబట్టి మూడో జవాబు ఇప్పుడు పూర్తి చేస్తున్నాను. మీరు మంచివారని ఎవరికీ చెప్పను. చెడ్డవారని కూడా చెప్పలేను. ఊరు చేరాక సింహాచలం గారు ఎక్కడున్నారో కనుక్కోండి. విచారణలో రాసిచ్చింది తప్పని ఆయనకి ఒక కాగితం మీద రాసివ్వండి. ఆయన ఏమంటారో నాకు తెలియదు. ఏమీ అనకపోవచ్చు కూడా.

ఇక నా సంతకం సంగతి. "దానివల్ల ఎవరికీ నష్టం లేదు" అని పైన ఒక వాక్యం రాసి కొట్టేశాను. కొట్టేసినా చదవడానికి వస్తూనే ఉంది. అయినా ఈ ఉత్తరాన్ని వేరే కాగితం మీద తిరగరాయలేదు.

జయంతి